పందికి దూరం కొలిచే ముందు చేను చుట్టుకొలత తీయండి

కాయ ఊరే వేళకు పందికి ఎవరు చెబుతారో తెలియదు గానీ, వేరుసెనగ చేనులోకి సరిగ్గా ఆ వారమే దిగుతుంది. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు అడవి అంచున సేద్యం చేసే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. తెల్లారి వెళ్ళి చూస్తే చేను నాగలి పట్టినట్టు ఉంటుంది. తిన్నది పావు వంతు, తొక్కి పెళ్ళగించింది ముప్పావు వంతు. మొక్కజొన్న అయితే కర్ర విరిచి కంకి సగం కొరికి పక్క కర్రకు పోతుంది. మంచె మీద నిద్ర కాచి, డబ్బా కొట్టి, టపాసులు కాల్చి విసిగిపోయిన మనిషికి కోపం రావడంలో తప్పేముంది?

ఆ కోపంలో ఉన్నప్పుడే ఇంట్లో కుర్రాడు సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపిస్తాడు. చేతిలో ఇమిడే దుర్భిణీ లాంటి యంత్రం. కంటికి ఆనించి మీట నొక్కితే ఎదుటి చెట్టు ఎన్ని గజాల్లో ఉందో అంకె పడుతుంది. పేరు లేజర్ రేంజ్ ఫైండర్. విదేశాల్లో వేటగాళ్ళు, గోల్ఫ్ ఆడేవాళ్ళు వాడతారు. ఐదారు వేలు పెడితే నాసిరకం, ఇంకా పెడితే మంచిరకం ఇంటికే వస్తుందట. 'ఇది ఉంటే పంది ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది, గురి తప్పదు' అంటాడు వాడు. ఏ రకం కొంటే మంచిదని నన్ను అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పందిని కొట్టడానికైతే ఏ రకమూ కొనొద్దు. దూరం కొలిచే పని మాత్రం మీకు నిజంగానే ఉంది, కాకపోతే అది వేరే చోట ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అసలు ఈ యంత్రం ఏం చేస్తుందో తెలుసుకుంటే సగం భ్రమ పోతుంది. కంటికి కనపడని ఒక కాంతి తునకను ఎదుటికి విసురుతుంది. అది దేనికో తగిలి వెనక్కి వస్తుంది. వెళ్ళి వచ్చిన కాలాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, 150 మీటర్ల దూరాన ఉన్న చెట్టుకు తగిలి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతు పడుతుంది. అంత చిన్న కాలాన్ని కొలవడం గొప్పే. ఇందులో చిన్న తేడా వచ్చినా దూరం మీటరు అటూ ఇటూ అవుతుంది. వేటకు అమ్మే రకాల్లో చాలావాటికి ఆ మీటరు తేడా ఉంటుందని వాళ్ళే పెట్టె మీద రాస్తారు.

పెట్టె మీద 'వెయ్యి గజాలు' అని ఉంటే అది కూడా అచ్చంగా నమ్మొద్దు. తళతళ మెరిసే బోర్డుకు వెయ్యి గజాలు. చెట్టుకు అంతకన్నా తక్కువ. బురద పూసుకున్న నల్లటి పంది ఒంటికి ఇంకా తక్కువ. పైగా కాంతి తునక మొదట దేనికి తగిలితే దాని దూరమే చెబుతుంది. మధ్యలో జొన్న ఆకు అడ్డం వచ్చిందనుకోండి, పంది దూరం బదులు ఆకు దూరం చెబుతుంది. పుష్యమాసంలో మంచు దిగినప్పుడు మంచు దూరం చెబుతుంది. ఖరీదైన వాటిలో 'ముందు వస్తువు', 'వెనక వస్తువు' అని ఎంచుకునే మీట ఉంటుంది. చీకట్లో, చలిలో, గుండె దడదడలాడుతుండగా ఆ మీట ఎటు ఉందో ఎవరికి గుర్తుంటుంది?

ఇక చట్టం సంగతి. ఇది చెబితే రైతుకు కోపం వస్తుందని తెలుసు. అయినా తెలియక ఇరుక్కోవడం కంటే తెలిసి కోపం తెచ్చుకోవడం మేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం వేట నిషేధం. అడవిపంది మొదట్లో మూడో షెడ్యూలులో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్ళను తగ్గించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది రెండో షెడ్యూలు జంతువు. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ళ దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అభయారణ్యం లోపల వేటాడితే కనీసమే మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా పోవచ్చు.

మన దగ్గర ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మాచర్ల వైపు అడవి కొంత దాని కిందికే వస్తుంది. చేను గట్టు దాటి నాలుగడుగులు వేస్తే ఏ హద్దులో ఉన్నామో చీకట్లో తెలియదు. పంది మనకు శత్రువైతే పులికి కూడు. అడవిలో పందులు, దుప్పులు కరువైతే పులి కన్ను మన దొడ్లో ఆవు మీద పడుతుంది. ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

'నాకు తుపాకీ లైసెన్సు ఉందిగా' అనేవారు ఒకరిద్దరు ఉంటారు. 1959 నాటి ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసం మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఉన్నమాట నిజం. కానీ అది తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన కాగితం. పందిని చంపడానికి వేరే కాగితం కావాలి. అది వన్యప్రాణి చట్టం పదకొండో సెక్షను కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ ఇవ్వాలి. నిలువు పంటకు ముప్పుగా మారిన జంతువని రాతపూర్వకంగా కారణం చూపి ఇస్తారు. అలా అనుమతి మీద చంపినా సరే, కళేబరం ప్రభుత్వ సొత్తు. కూరకు పనికిరాదు.

ఇక్కడ నా కడుపులో మాట కూడా చెప్పాలి. చట్టం తప్పని నేను అనను. అది నడిచే తీరు మాత్రం రెండెకరాల రైతుకు అందేలా లేదు. పంది రాత్రి పదకొండుకు వస్తుంది, అర్జీ పగలు పదకొండుకు పెట్టాలి. అనుమతి కాగితం వచ్చేసరికి కాయ పీకి కళ్ళానికి చేరుతుంది, లేదా పంది కడుపుకు చేరుతుంది. ఇదే చట్టం అరవై రెండో సెక్షను కింద ఒక జంతువును కొంత ప్రాంతంలో, కొంత కాలానికి 'హానికర జంతువు'గా కేంద్రం ప్రకటించవచ్చు. బీహారులో కొన్ని జిల్లాలకు 2015 డిసెంబరులో, ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాలకు 2016 ఫిబ్రవరిలో అడవిపందిని ఏడాది పాటు అలా ప్రకటించారు. కేరళలో 2022లో పంటను పాడుచేసే పందిని చంపేందుకు అనుమతిచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల చేతికి ఇచ్చారు. లైసెన్సు ఉన్న తుపాకీదారు చేతనే, లెక్కాపత్రం రాసి చేయించాలి. ఊరికి దగ్గరగా నిర్ణయం జరిగే ఇలాంటి ఏర్పాటు కావాలని మన పంచాయతీలు తీర్మానాలు చేసి పంపడంలో తప్పు లేదు. అడగాల్సిందే. అడిగేలోగా ఎవరికి వారు తుపాకీ పట్టుకోవడం వేరే సంగతి.

దూరం కొలిచే యంత్రం కన్నా నాకు ఎక్కువ భయం వేసేది ఇంకో రెండింటి గురించి. ఒకటి కరెంటు తీగ. బోరు మోటారు దగ్గర నుంచో, లైనుకు కొక్కెం వేసో, చేను చుట్టూ బైండింగు తీగ లాగి రాత్రికి కరెంటు వదలడం. రెండోది మేతలో పెట్టే నాటు బాంబు. కరెంటు తీగకు పంది, మనిషి అనే భేదం లేదు. తెల్లారగట్ల నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతు పోతాడు. తాను పెట్టిన తీగకు తానే తగిలి పోయినవాడి కబురు రాష్ట్రంలో ఏటా ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంది. మనిషి పోతే తీగ కట్టినవాడి మీద ప్రాణం తీసిన నేరం కిందే కేసు నడుస్తుంది. దాని మీద కరెంటు చౌర్యం, 2003 విద్యుత్ చట్టం కింద. రెండెకరాల మొక్కజొన్నను కాపాడబోయి రెండు కుటుంబాలు వీధిన పడతాయి.

బాంబు సంగతి మన పల్నాడు వాళ్ళకు వేరే చెప్పాలా! దాని పేరు చెబితేనే పోలీసు చెవులు రిక్కిస్తాడు. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం పంది కోసం చుట్టావా, పగవాడి కోసం చుట్టావా అని చూడదు. మేత వాసనకు కుక్క కొరుకుతుంది, గేదె కొరుకుతుంది, బంతి అనుకుని పిల్లవాడు తీస్తాడు. కేరళలో 2020లో పేలుడు మందు పెట్టిన కాయ కొరికి కడుపుతో ఉన్న ఏనుగు చచ్చిపోతే దేశమంతా గోలెత్తింది. గేదె నోరు పగిలితే ఎవరూ గోల చెయ్యరు, దాని యజమాని తప్ప.

రాత్రి పూట గురిచూసి కాల్చడం కూడా ఈ కోవలోదే. యంత్రం 'ఎనభై' అని అంకె చూపిస్తుంది. ఎనభై గజాల్లో ఉన్నది పందా, దూడా, గోనెపట్టా కప్పుకుని కూర్చున్న కాపలావాడా అన్నది చూపించదు. గుండు తగలకపోతే ఎక్కడ ఆగుతుందో అసలే చూపించదు. అంకె చూసేసరికి మనిషికి ధైర్యం వస్తుంది, ఆ ధైర్యమే ప్రమాదం. గాయపడిన పంది సంగతి పాతకాపులను అడగండి. తప్పించుకుని పొదలో దూరి, మర్నాడు పుల్లలకు వెళ్ళిన ఆడమనిషి మీద పడుతుంది.

సరే, దూరం కొలిచే పని ఎక్కడుందన్నాను కదా. కంచె దగ్గర.

మన కమతాల తీరు చూడండి. అన్నదమ్ముల పంపకాల్లో చేను నిలువునా చీలిపోయి, దారపు పోగుల్లా పొడుగ్గా మిగిలింది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 63.6 మీటర్లు, చుట్టుకొలత 254 మీటర్లు. అదే ఎకరం ఇరవై మీటర్ల వెడల్పుతో పొడుగ్గా ఉంటే నిడివి 202 మీటర్లు, చుట్టుకొలత 444 మీటర్లు. భూమి అంతే, పంట అంతే, తీగ మాత్రం దాదాపు రెట్టింపు. పెద్ద చెక్క ఉన్న రైతు కంటే చిన్న రైతుకు ఎకరాకు కంచె ఖర్చు ఎక్కువ పడేది ఇందుకే. సబ్సిడీలు, పథకాలు ఎకరాల లెక్కన మాట్లాడతాయి. తీగ మాత్రం మీటర్ల లెక్కన అమ్ముతారు.

ఇప్పుడు ఐదుగురు రైతులు పక్కపక్కనే ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి రెండెకరాలు, 40 మీటర్ల వెడల్పు, 202 మీటర్ల పొడవు. ఎవరికి వారు కంచె వేసుకుంటే ఒక్కొక్కరికి 484 మీటర్లు, ఐదుగురికీ కలిపి 2,420 మీటర్లు. ఐదు చేలనూ ఒకటిగా చుడితే 200 మీటర్లు ఇటు, 202 మీటర్లు అటు, మొత్తం 804 మీటర్లు. మనిషికి 161 మీటర్లు! మూడో వంతుకు తగ్గింది. మూడు వరసల తీగ అయితే ఒక్కో రైతుకు 969 మీటర్ల తీగ మిగులుతుంది. రాళ్ళు, గుంజలు, కూలి సంగతి సరేసరి. అడవిపంది మీద నాకు తెలిసిన గొప్ప ఆయుధం ఈ కూడికే. దీనికి లైసెన్సు అక్కర్లేదు, గట్టు తగాదా ఉన్న పక్క రైతుతో మాట కలపాలి. కొందరికి పంది కన్నా అదే కష్టమని నాకు తెలుసు లెండి.

ఈ లెక్క వెయ్యాలంటే చుట్టుకొలత సరిగా కావాలి. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెబుతాను, మీకు పనికొస్తుంది. తెలిసినవాళ్ళ దగ్గర గోల్ఫ్ ఆటకు వాడే రేంజ్ ఫైండరు ఎరువు తెచ్చి ఒక చెక్క నాలుగు పక్కలా కొలిచాను. కూడితే 437 వచ్చింది. మీటర్లనుకుని చీటీ రాసి తీగ తెప్పించాను. తీరా చూస్తే అది చూపించింది గజాలు. 437 గజాలంటే 399 మీటర్ల పైచిలుకు. మూడు వరసలకు నూట పది మీటర్ల తీగ, పన్నెండు గుంజలు ఎక్కువ వచ్చాయి. అద్దంలో మూలన చిన్న అక్షరం ఉంటుంది, గజాలా మీటర్లా అని. నా కళ్ళజోడుకు అది ఆనలేదు. గజం అంటే మూడడుగులు, మీటరు కన్నా మూడున్నర అంగుళాలు తక్కువ. ఒక్క గజంలో ఇది తేడాగా కనిపించదు, వంద గజాల్లో ఎనిమిదిన్నర మీటర్లు అవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఏటవాలు నేలలో ఈ వేట యంత్రాలు కొన్ని నేల వెంట దూరం చెప్పవు, వాలు తీసేసి అడ్డంగా ఉన్న దూరం చెబుతాయి. కాల్చేవాడికి కావాల్సింది అది. తీగకు కావాల్సింది నేల వెంట దూరం. బొల్లాపల్లి వైపు గుట్టవార చేలల్లో పది డిగ్రీల వాలు ఉంటే వందకు మీటరున్నర తేడా వస్తుంది. ఇంతా చేసి, చేను గట్టు వంకర తిరిగిందంటే ఏ లేజరూ వంకర వెంట పోదు. ఒక్కో మలుపు దగ్గర నిలబడి విడిగా కొలుచుకోవాలి.

లేజరుతోనే కొలవాలని మనసైతే రెండో రకం ఉంది. ఇళ్ళు కట్టే మేస్త్రీలు, వడ్రంగులు వాడే లేజరు మీటరు. ఎర్ర చుక్క పడుతుంది, మిల్లీమీటర్ల దాకా చెబుతుంది, వేట రకం కన్నా చవక. దీని దూరం నలభై మీటర్లో, వంద మీటర్లో. చిక్కల్లా ఎండ. రెంటచింతల ఎండలో ఎర్ర చుక్క ఎక్కడ పడిందో దేవుడికే తెలియాలి. తెల్లవారగానే గానీ, పొద్దు వాలాక గానీ పెట్టుకోవాలి. అవతలి కొసన ఒక మనిషి తెల్లటి చెక్క పట్టుకుని నిలబడాలి. ఆ చుక్క కంట్లో పడనివ్వకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. పందులను బెదరగొడతాయని అమ్మే ఆకుపచ్చ లేజరు లైట్ల జోలికి వెళ్ళకండి. వాటి దెబ్బ పంది కన్నా మనిషి కంటికి ఎక్కువ.

ఇవేవీ కొనకుండా కూడా పని జరుగుతుంది. ముప్పై మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు. టేపు లేకపోతే సైకిలు. చక్రానికి ఒక చోట గుడ్డ పేలిక కట్టి, ఒక్క చుట్టు దొర్లించి నేల మీద ఎంత వచ్చిందో ముందు కొలుచుకోండి. పెద్ద సైకిలుకు రెండుంపావు మీటర్ల దరిదాపు వస్తుంది. తర్వాత గట్టు వెంట నడిపించుకుంటూ చుట్లు లెక్కపెట్టండి. తీగ కొనడానికి ఈ లెక్క చాలు. వంకర గట్టు మీద లేజరు కన్నా సైకిలే నయం. సెల్‌ఫోనులో చేను చుట్టూ నడిస్తే విస్తీర్ణం చెప్పేవి ఉన్నాయి, అవి కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతాయి. పెద్ద చెక్కకు ఫరవాలేదు, ఇరవై మీటర్ల వెడల్పు చేనుకు నమ్మలేం. లేజరు మీటరే కావాలంటే ఊరికొకటి చాలు. రైతు ఉత్పత్తిదారుల సంఘమో, పొదుపు సంఘమో కొని పెట్టుకుంటే ఏడాదిలో నాలుగు రోజులు అందరికీ పనికొస్తుంది. ఆ నాలుగు రోజుల కోసం ఇంటింటికీ ఒకటి దండగ.

ఇవి చేతిలో ఉన్నాయని పక్కవాడితో గట్టు తగాదా తేల్చడానికి మాత్రం దిగకండి. ఎకరం చెక్కలో ఒక పక్క మీటరు తప్పు కొలిస్తే ఒకటిన్నర సెంటు పైన తేడా వస్తుంది. సెంటు కోసం తలలు పగిలిన ఊళ్ళు మనకు తెలుసు. హద్దు తేల్చాల్సింది సర్వేయరు. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ఉన్నది అందుకే. పాత ఎఫ్.ఎం.బి. పటంలో కొలతలు లింకుల్లో ఉంటే వంద లింకులు 66 అడుగులని గుర్తుంచుకోండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన ఊళ్ళలో అయితే రోవరుతో తీసిన కొలతలు ఉంటాయి. ఉమ్మడి కంచె వేసేటప్పుడు ఇదొక సుఖం. లోపలి గట్ల జోలికి పోనక్కర్లేదు, బయటి హద్దు ఒక్కటి తేలితే చాలు. డొంకకు, నీళ్ళ బోదెకు దారి వదలడం మరిచిపోకండి.

ఏ కంచె వెయ్యాలి అంటే జేబును బట్టి. ముళ్ళతీగ అయితే కింది వరస నేలకు అడుగు లోపే ఉండాలి. పంది ఎగరడం కన్నా దూరడమే ఎక్కువ. పైన ఎన్ని వరసలు కట్టినా కింద సందు ఉంటే ముట్టె పెట్టి ఎత్తేస్తుంది. సోలారు కంచె వేరు, కరెంటు తీగ వేరు. సోలారు కంచెలో బ్యాటరీ మీద నడిచే పెట్టె ఒకటి సుమారు సెకనుకోసారి రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేని చిన్న దెబ్బ పంపుతుంది. ఒళ్ళు జలదరిస్తుంది, ప్రాణం పోదు. ఆ పెట్టె ప్రమాణాల ప్రకారం తయారైనదై, ముద్ర ఉన్నదై ఉండాలి. సొంతంగా అతికించినది వద్దు. తీగకు గడ్డి తగిలితే దెబ్బ నేలలోకి జారిపోతుంది, కాబట్టి కింద కలుపు తీస్తూ ఉండాలి. మన నేల ఎండితే రాయిలా అవుతుంది. ఎర్తు రాడ్డు దగ్గర తడి లేకపోతే పంది నవ్వుకుంటూ పోతుంది. అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయండి. హెచ్చరిక బోర్డు కట్టండి.

కంచె స్తోమత లేనివారికి రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్న చిట్కాలున్నాయి. వేరుసెనగ, మొక్కజొన్న చుట్టూ నాలుగు వరసలు ఆముదం దగ్గర దగ్గరగా వేస్తే వాసనకు, అడ్డుకు పంది వెనకాడుతుంది. ఆముదం గింజ ఎలాగూ చేతికొస్తుంది. వేరుసెనగ చుట్టూ కుసుమ వరసలు కూడా అంతే, ముళ్ళు గుచ్చుకుంటాయి. కొబ్బరి తాడుకు గంధకం, ఊరపంది కొవ్వు నూనె కలిపి పూసి చుట్టూ కట్టడం ఇంకొకటి. మంగలి షాపు వెంట్రుకలు గట్టు మీద చల్లడం అందరికీ తెలిసిందే. వాన పడితే మళ్ళీ చల్లాలి. వీటిలో ఏదీ కలకాలం పనిచేయదు, పంది తెలివైనది, పది పదిహేను రోజులకు అలవాటు పడుతుంది. అందుకని కాయ ఊరే వారానికి ముందు మొదలుపెట్టి, మార్చి మార్చి వాడాలి. ఒకప్పుడు ఫోరేటు గుళికలను ఇసుకలో కలిపి చిల్లుల సంచుల్లో కట్టమనేవారు. ఆ మందు 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. పాత డబ్బా ఇంట్లో ఉంటే దానితో కొత్త ప్రయోగాలు చెయ్యకండి.

కొలత ఇంకో చోట కూడా అక్కరకొస్తుంది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేరుస్తున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది, 2026 ఖరీఫ్ నుంచి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రం ప్రకటించాలి. నష్టం జరిగిన 72 గంటల్లోగా స్థలం గుర్తు పడే ఫోటోలతో తెలియజేయాలి. కాబట్టి కంప చేతపట్టుకుని పంది వెంట పరిగెత్తేముందు ఫోను తియ్యండి. పెళ్ళగించిన మేర ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని మీటర్లో టేపుతో పట్టి, తేదీ, సర్వే నంబరుతో కాగితం మీద రాయండి. పక్క రైతు సంతకం పెట్టించండి. ఒక నకలు రైతు సేవా కేంద్రంలో, ఒకటి అటవీ రేంజి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యనంటే మర్నాడు నలుగురు కలిసి వెళ్ళండి. మన మండలంలో ఈ పంటకు, ఈ జంతువుకు రక్షణ ఉందా అని ప్రీమియం కట్టే గడువుకు ముందే అడిగి తెలుసుకోవాలి, పంది వచ్చాక కాదు.

ఇక ఆ కుర్రాడు మళ్ళీ సెల్‌ఫోను పట్టుకుని వస్తే కోప్పడకండి. సైకిలు చక్రానికి పేలిక కట్టి ఇచ్చి, ఐదు చేల చుట్టూ పంపండి. ఎన్ని చుట్లు వచ్చాయో రాసుకొచ్చాక, గట్టు అవతలి మామను పిలిచి తీగ లెక్క వాడి చేతే చెప్పించండి.